స్మార్ట్ రింగ్ ఎలా ఎంచుకోవాలి: కొనే ముందు, పెట్టుకున్న మొదటి వారాల్లో చూసుకోవాల్సినవి

స్మార్ట్ రింగ్ అంటే వేలికి పెట్టుకుంటే నిద్రనూ, గుండె వేగాన్నీ లెక్కగట్టి ఫోన్‌లో చూపించే ఉంగరం. అది మూడు వేలకూ దొరుకుతుంది, నలభై వేలకూ దొరుకుతుంది. వేలికి పెట్టుకున్నాక పక్కపక్కన చూస్తే పెద్ద తేడా కనబడదు. యాప్ తెరిచినా నిద్ర, గుండె వేగం, ఆక్సిజన్, నడక, ఒత్తిడి అంటూ అవే పేర్లు. అందుకే ఫీచర్ల పట్టికను కాసేపు పక్కన పెట్టమంటాను. ముందు రెండు విషయాలు తేల్చుకోండి. దాంతో మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి? రాత్రి పడుకున్నప్పుడు కూడా తీయాలనిపించనంత హాయిగా అది మీ వేలికి కూర్చుంటుందా? ఈ రెండూ కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా కొన్నాళ్ళకు బీరువాలో గాజుల పెట్టెలోకి చేరుతుంది.

మొదటి పని: ఏం కావాలో ఒక కాగితం మీద రాసుకోండి

ఉంగరం లోపలివైపు చిన్న చిన్న లైట్లు ఉంటాయి. ఆకుపచ్చ, ఎరుపు, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చర్మంలోకి పంపి, గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం పెరిగి తగ్గే తీరును తిరిగొచ్చిన వెలుగు నుంచి లెక్క కడుతుంది. వేలికి అరచేతి వైపున సన్నటి రక్తనాళాలు ఎక్కువ కాబట్టి మణికట్టు మీద వాచీ కంటే ఇక్కడ సిగ్నల్ బాగా అందుతుంది. వీటికి తోడు చర్మం వేడిని చూసే సెన్సర్, కదలికను పట్టే సెన్సర్ ఉంటాయి. లోపల ఉన్న సరంజామా అంతే. యాప్‌లో కనబడే మిగతా స్కోర్లన్నీ ఈ మూడింటి నుంచి కట్టిన లెక్కలే.

కాబట్టి ఉంగరం బాగా చేసే పనులు కొన్నే. మీరు ఎన్ని గంటలు పడుకున్నారు, ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచారు, నిద్రలో గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, రోజూ ఉండే దానికంటే ఒంటి వేడి ఎంత పెరిగింది లేదా తగ్గింది. కదలకుండా ఉన్నప్పుడు లెక్క బాగా వస్తుంది కాబట్టి దీని బలమంతా రాత్రిపూటే. పగలు బండి తోలుతున్నప్పుడో, జిమ్‌లో బరువులు ఎత్తుతున్నప్పుడో చూపించే గుండె వేగాన్ని అంతగా నమ్మలేం. వ్యాయామం చేస్తున్నంతసేపూ గుండె వేగం కావాలనుకునేవాళ్ళు వాచీ కొనుక్కోవడమే మేలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన చిత్తూరు, తిరుపతి వైపు షుగరో బీపీయో లేని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. ఆ భయం చూసుకునే "సూది గుచ్చకుండా షుగర్ చూపించే ఉంగరం" అంటూ ప్రకటనలు వస్తాయి. నమ్మకండి. సూది గుచ్చకుండా తనంతట తానే రక్తంలో షుగర్ కొలిచే ఏ స్మార్ట్ వాచీకీ, ఏ స్మార్ట్ రింగుకూ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. అలాంటి ఉంగరంలో అంకె కనబడుతుంది, నిజమే. కానీ ఆ అంకెను చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. బీపీ సంగతీ అంతే. చవక ఉంగరాల్లో కనబడే బీపీని చూసి మాత్ర ఆపడం, మాత్ర పెంచడం చేయొద్దు. చేతికి పట్టీ చుట్టే బీపీ మిషన్, వేలి చివర రక్తం చుక్కతో చూసే గ్లూకోమీటర్ ఇంట్లో ఉండాల్సిందే. ఆ రెండూ లేకపోతే ఉంగరానికి దాచిన డబ్బుతో ముందు వాటిని కొనండి.

కాగితం మీద "నిద్ర సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవాలి", "నెలసరి ఎప్పుడొస్తుందో ముందే అంచనా కావాలి", "నడక మొదలుపెట్టాను, ఒంట్లో మార్పు వస్తోందా" లాంటివి రాసుంటే ఉంగరం పనికొస్తుంది. "షుగర్", "బీపీ", "ఛాతీలో నొప్పి" అని రాసుంటే మీరు వెళ్ళాల్సింది డాక్టరు దగ్గరికి.

రెండో పని: ఫోన్, నెల చందా

ఇది త్వరగా తేలిపోయే విషయం. మీ చేతిలో ఐఫోన్ ఉంటే సామ్‌సంగ్ గెలాక్సీ రింగ్ మీకు కాదు, అది ఆండ్రాయిడ్‌తోనే పని చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో కూడా కొన్ని సదుపాయాలు సామ్‌సంగ్ ఫోన్ ఉన్నవాళ్ళకే. 2024 అక్టోబర్‌లో మన దేశంలోకి వచ్చినప్పుడు దాని ధర 38,999 రూపాయలు. యాప్‌కు నెలనెలా కట్టేదేమీ లేదు. బ్యాటరీ ఏడు రోజుల వరకు వస్తుందని కంపెనీ మాట, అదీ పెద్ద సైజుల్లో.

అల్ట్రాహ్యూమన్ రింగ్ ఎయిర్ బెంగళూరు కంపెనీది. ఐఫోన్‌కూ, ఆండ్రాయిడ్‌కూ పనికొస్తుంది. మామూలు లెక్కలకు చందా లేదు, కొన్ని అదనపు సదుపాయాలకు మాత్రం వేరుగా డబ్బు అడుగుతుంది. కంపెనీ లెక్కలో బ్యాటరీ నాలుగు నుంచి ఆరు రోజులు. ఫిన్లండ్‌కు చెందిన ఔరా ఈ రంగంలో పాత కంపెనీల్లో ఒకటి, నిద్ర లెక్కల్లో దానికి మంచి పేరుంది. కానీ దానికి నెలవారీ చందా ఉంది. అది కట్టకపోతే పైపై స్కోర్లే కనబడతాయి, వివరాలు మూసుకుపోతాయి. అందుకని దాని ధర చూసేటప్పుడు రెండేళ్ళ చందా కూడా కలిపి చూడండి, అసలు ఖరీదు అప్పుడు తెలుస్తుంది. రింగ్‌కాన్ జెన్ 2కు బ్యాటరీయే పెద్ద బలం, పది రోజులకు పైగా వస్తుందని చెబుతారు, చందా లేదు.

బోట్ లాంటి మన బ్రాండ్లవి కొన్ని మూడు వేల చిల్లర నుంచే దొరుకుతాయి. అంత డబ్బు పెట్టే ముందు అసలు ఉంగరం పెట్టుకుని పడుకోగలమా అని చూసుకోవడానికి అవి సరిపోతాయి. అడుగులూ, నిద్ర గంటలూ వరకు చూసుకోండి, అంతకు మించి వాటి నుంచి ఆశించవద్దు.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. సైజు చూసే అవకాశం ఉండదు, అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లకపోవచ్చు. ఈ ఉంగరాల్లో ఏదీ రిపేరు చేసేది కాదు. బ్యాటరీ లోపల అతికించి మూసేసి ఉంటుంది, పాడైతే ఉంగరం మొత్తం మార్చాల్సిందే. అందుకే బిల్లు, వారంటీ చూసుకుని ఇక్కడే కొనడం మేలు.

మూడో పని: సైజు. తొందరపడకండి

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. "నా ఉంగరం సైజు నాకు తెలుసు, కంసాలి ఎప్పుడో కొలిచాడు" అనుకుంటారు. మన బంగారు షాపుల్లో చెప్పే నంబర్లు వేరు, స్మార్ట్ రింగ్ కంపెనీలు వాడే అమెరికా నంబర్లు వేరు. అక్కడి 7 అంటే మన దగ్గర 14కు దగ్గర. పైగా స్మార్ట్ రింగ్ మందంగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి సన్నటి బంగారు ఉంగరం పట్టినంత సులువుగా పట్టదు. చాలా కంపెనీలు ప్లాస్టిక్ ఉంగరాల సైజింగ్ కిట్ ఇస్తాయి. దాన్ని తెప్పించుకోండి, లేదా పెద్ద మొబైల్ షోరూములో ఉంటే అక్కడ చూడండి. ఒకసారి తొడిగి "సరిపోయింది" అనేయకండి. ఒక పగలు, ఒక రాత్రి వేలికే ఉంచండి.

ఎందుకంటే వేలు రోజంతా ఒకేలా ఉండదు. మే నెలలో మన తిరుపతి ఎండకు మధ్యాహ్నం బయట తిరిగొచ్చాక చేతివేళ్ళు ఉబ్బుతాయి. డిసెంబరు తెల్లవారుజామున అదే వేలు సన్నబడుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చెయ్యి విదిలిస్తే జారకూడదు, మధ్యాహ్నం వేడిలో కొంచెం మెలితిప్పితే బయటికి రావాలి. ఈ రెండింటికీ నిలబడిన సైజే మీది. రెండు సైజుల మధ్య ఊగుతుంటే, వేసవిలో కొంటున్నారా చలికాలంలో కొంటున్నారా అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి.

పెద్దవాళ్ళకు ఇంకో ఇబ్బంది. మా అత్తగారి చూపుడు వేలు కణుపు దగ్గర కీళ్ళవాతంతో లావెక్కింది, వేలి మొదలు దగ్గర సన్నగా ఉంటుంది. కణుపు దాటేంత పెద్ద సైజు తొడిగితే లోపల వదులై గిర్రున తిరుగుతుంది. అరచేతి వైపు ఉండాల్సిన సెన్సర్లు నిద్రలో వేలి పైవైపుకు వచ్చేస్తాయి, పొద్దున యాప్ చూస్తే గ్రాఫ్ మధ్యమధ్యలో తెగిపోయి ఉంటుంది. ఆమెకు మధ్య వేలు సరిపోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కొంటుంటే చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడూ ప్రయత్నించండి. ఏ వేలికీ కుదరకపోతే బలవంతం వద్దు, పట్టీ సర్దుకునే వీలున్న వాచీ వాళ్ళకు నయం.

ఏ చెయ్యి అన్నదానికి నా ఓటు ఎడమ చెయ్యి. మనం కుడి చేత్తో తింటాం, సంగటి ముద్ద చేస్తాం, పప్పులో చెయ్యి పెడతాం. పసుపు, నూనె, పిండి లోపలి సెన్సర్ల మీద పొరలా పట్టేస్తే లెక్క తప్పుతుంది. బంగారు ఉంగరం ఉన్న వేలి పక్క వేలికి మాత్రం పెట్టకండి. ఈ ఉంగరాలు చాలావరకు టైటానియం, పైన గట్టి పూత. మెత్తటి బంగారం వాటితో రాసుకుంటే అరిగేది బంగారమే.

నాలుగో పని: వెనక్కి ఇచ్చే గడువులోపు పరీక్షించండి

కొనేటప్పుడే "తెరిచిన పెట్టె వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజులు?" అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఆ రోజులన్నీ పరీక్షకే.

నాడి లెక్కతో మొదలుపెట్టండి. పొద్దున లేచి, కాఫీ తాగక ముందు కుర్చీలో ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. మణికట్టు దగ్గర రెండు వేళ్ళు పెట్టి, గోడ గడియారం చూస్తూ పూర్తి నిమిషం నాడి లెక్కపెట్టండి. వెంటనే ఉంగరంతో కొలిచి చూడండి. రెండు మూడు అంకెల తేడా పర్వాలేదు. వరుసగా నాలుగైదు రోజులు పది, పదిహేను తేడా వస్తుంటే ఉంగరం సరిగ్గా కూర్చోలేదు, లేదా మంచిది కాదు. సైజు మార్చి చూసినా అంతే ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

కోవిడ్ సమయంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. దాన్ని తీసి పక్క వేలికి పెట్టి ఆక్సిజన్ శాతం పోల్చండి. మామూలుగా 95 నుంచి 100 మధ్య ఉంటుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్ళలో ఇలాంటి వెలుగు పరికరాలు అసలు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చని తేలింది. కాబట్టి ఆయాసం వస్తూ ఉంటే అంకె బాగుంది కదా అని ఊరుకోవద్దు.

నిద్ర పరీక్షకు ఒక నోటుబుక్కు చాలు. పడుకున్న టైమ్, లేచిన టైమ్, మధ్యలో నీళ్ళకో బాత్రూముకో లేచిన టైమ్ రాసుకోండి. యాప్‌లో ఆ మధ్యలో లేచినవి పడ్డాయా? కదలకుండా పడుకుని సెల్‌ఫోన్ చూసిన అరగంటను నిద్ర కింద వేసిందా? ఇవి చూడండి. గాఢనిద్ర ఇన్ని నిమిషాలు, కలల నిద్ర ఇన్ని నిమిషాలు అని చూపించేదాన్ని మాత్రం అంత పట్టించుకోకండి. ఆసుపత్రిలో నిద్ర పరీక్ష చేసేటప్పుడు తలకు వైర్లు పెట్టి మెదడు తరంగాలు చూస్తారు. ఉంగరానికి మెదడు కనబడదు, గుండె వేగాన్నీ కదలికనూ బట్టి ఊహిస్తుంది. మొత్తం నిద్ర గంటల్లో దాని ఊహ బాగానే ఉంటుంది, దశల విడదీతలో తప్పులు ఎక్కువ.

రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు ఈ పరీక్షను అస్సలు వదలకండి. మన ఊరు రాత్రిపూట నిద్రపోయే ఊరు కాదు. ఆసుపత్రుల్లో నర్సులు, ఘాట్ రోడ్డు బస్సు డ్రైవర్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్ళు, శ్రీసిటీ ఫ్యాక్టరీల షిఫ్టులకు వెళ్ళేవాళ్ళు పొద్దున వచ్చి పడుకుంటారు, లేదా రెండు విడతలుగా పడుకుంటారు. యాప్ పగటి నిద్రను అసలు నిద్రగా గుర్తిస్తోందా, లేక కునుకు కింద కొట్టేసి "నిన్న మీరు పడుకోలేదు" అంటోందా చూడండి. గుర్తించని ఉంగరం మిగతా ఎన్ని చేసినా మీకు పనికిరాదు, ఎందుకంటే అన్ని స్కోర్లూ ఆ నిద్ర లెక్క మీదే నిలబడి ఉంటాయి.

అడుగుల లెక్కకు మన దగ్గర ఉన్నంత మంచి పరీక్ష ఇంకెక్కడా లేదు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550. ఎక్కే ముందు ఉంగరం లెక్క చూసి రాసుకోండి, పైకి వెళ్ళాక మళ్ళీ చూడండి. మెట్ల సంఖ్యే అచ్చంగా రావాలని కాదు. మధ్యలో సమతలం ఉంటుంది, వెడల్పు మెట్ల మీద రెండేసి అడుగులు వేస్తాం, నీళ్ళకోసం పక్కకు వెళ్తాం. అందుకని మెట్ల కంటే ఎక్కువే రావాలి. అలిపిరి దారిలో మెట్ల మధ్య నడక కూడా చాలా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ రావాలి. మెట్ల సంఖ్య కంటే తక్కువ చూపిస్తే ఉంగరం అడుగులు వదిలేస్తున్నట్టే.

ఆ రోజు చెయ్యి ఏం చేస్తోందో కూడా గమనించండి, ఎందుకంటే ఉంగరం లెక్కపెట్టేది కాళ్ళను కాదు, చేతి ఊపును. పక్కనున్న పిట్టగోడ పట్టుకుని ఎక్కితే, చంకలో పిల్లను ఎత్తుకుంటే అడుగులు తగ్గిపోతాయి. ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కేవాళ్ళకు ఏ ఉంగరం లెక్కా సరిగ్గా రాదు. అడుగు ఒకటే, చెయ్యి మాత్రం పళ్ళేనికీ మెట్టుకూ మధ్య నాలుగుసార్లు కదులుతుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళ సంగతీ అంతే. మెట్ల పూజ చేసే రోజున పరీక్ష పెట్టుకోకండి, మామూలుగా ఎక్కే రోజు పెట్టుకోండి. పైకి వెళ్ళాక దర్శనం క్యూలోకి ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకెళ్ళకూడదు కాబట్టి ఫోన్ డిపాజిట్ చేసేటప్పుడు ఉంగరాన్నీ దాంతోపాటే ఇచ్చేయండి.

మెట్లు ఎక్కుతుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకి లాగుడు, చెమటలు, కళ్ళు తిరగడం ఉంటే ఉంగరం ఏం చూపిస్తోందో చూస్తూ కూర్చోవద్దు. అక్కడే కూర్చుని పక్కవాళ్ళను పిలవండి, 108కు ఫోన్ చేయించండి. గుండెపోటును పట్టుకునే పరికరం కాదిది.

ఐదో పని: మీ అంకెలను మీ అంకెలతోనే పోల్చండి

మొదటి రెండు మూడు వారాలు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఉంగరం మీ మామూలు స్థితి ఏమిటో నేర్చుకుంటుంది, మీరూ నేర్చుకోండి. వయోజనుల్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలే, నిద్రలో ఇంకా తగ్గుతుంది. మీది రోజూ 62 దగ్గర ఉండి మూడు రాత్రులు వరుసగా 72 చూపిస్తే అది గమనించాల్సిన మార్పు. ఇంకొకరిది 74 ఉంటే వాళ్ళకు అదే మామూలు కావచ్చు.

హెచ్‌ఆర్‌వీ అనే అంకె గురించి చాలామందికి టెన్షన్. ఒక గుండె చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ మధ్య ఉన్న వ్యవధిలో వచ్చే సన్నటి తేడా అది, మిల్లీసెకన్లలో చూపిస్తారు. మనిషికీ మనిషికీ చాలా మారుతుంది, వయసుతో తగ్గుతుంది. భర్తది 60, భార్యది 30 ఉందని భార్య ఆరోగ్యం సగం పాడైనట్టు కాదు. ఇంట్లో ఒకరి స్కోరు పక్కన ఇంకొకరి స్కోరు పెట్టుకుని పోటీ పడకండి. మీది మీ మామూలు కంటే పడిపోతే ముందురోజు ఏం చేశారో గుర్తు చేసుకోండి. పదకొండింటికి కడుపునిండా బిర్యానీ తిన్నా, మందు తాగినా, పెళ్ళి ప్రయాణంలో నిద్ర లేకపోయినా, జ్వరం రాబోతున్నా పడిపోతుంది. యాప్‌లో ట్యాగ్ పెట్టుకునే వీలుంటే ఆ విషయం రాసిపెట్టుకోండి. నెల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే ఆలస్యంగా తిన్న రాత్రులన్నీ ఒక వరుసలో కనబడతాయి. ఉంగరం నుంచి నిజంగా పనికొచ్చే జ్ఞానం ఇదేనని నేను అనుకుంటాను.

వేడిని కూడా ఇలాగే చూడాలి. ఉంగరం చూపించేది థర్మామీటర్ వేడి కాదు, మీ మామూలుకు ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నదే. ఫ్యాను కింద, ఏసీలో, కరెంటు పోయిన రాత్రి తేడాలు వస్తాయి. ఆడవాళ్ళలో అండం విడుదలయ్యాక ఒంటి వేడి కొద్దిగా పెరిగి నెలసరి వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఆ మార్పును ఉంగరం బాగా పట్టుకుంటుంది, తేదీ అంచనాకు పనికొస్తుంది. గర్భం రాకుండా ఉండటానికి మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

గట్టిగా గురక, పగలు కూర్చున్న చోటే నిద్ర, రాత్రి ఆక్సిజన్ మాటిమాటికీ పడిపోవడం, ఈ మూడూ కలిసి కనబడితే నెల రోజుల గ్రాఫ్ స్క్రీన్‌షాట్ తీసుకుని ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. ఒక్క రాత్రి అంకె చూపిస్తే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. నెల రోజులది చూపిస్తే నిద్ర పరీక్ష అవసరమో కాదో చెప్పగలరు.

తీయాల్సిన సమయాలు

అంట్లు తోమేటప్పుడు తీసేయండి, స్టీలు పీచు పూతను గీసేస్తుంది. పిండి కలిపేటప్పుడు తీయండి. బరువులు ఎత్తేటప్పుడు, గోడ దూకేటప్పుడు, లారీ నుంచో ట్రాక్టరు నుంచో కిందికి దిగేటప్పుడు ఏ ఉంగరమూ వేలికి ఉండకూడదు, ఎక్కడైనా తగులుకుంటే వేలి చర్మాన్నే లాగేస్తుంది. ఎంఆర్ఐకి వెళ్తే గదిలోకి వెళ్ళక ముందే తీసి ఇంట్లోవాళ్ళకు ఇవ్వండి. ఛార్జింగ్‌కు స్నానం చేసే సమయం, టిఫిన్ తినే సమయం కేటాయించుకుంటే రాత్రి ఎప్పుడూ ఖాళీగా పోదు. వారానికి రెండుసార్లు లోపలివైపు మెత్తటి తడిగుడ్డతో తుడవండి, వేలు కూడా పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. సబ్బు తడి లోపల నిలిస్తే చర్మం ఒరిసి దురద వస్తుంది.

లోపల బ్యాటరీ ఉందన్న సంగతి గుర్తుంచుకోండి. ఉంగరం మామూలు కంటే వేడెక్కినా, లోపలివైపు ఉబ్బి బిగుసుకుంటున్నట్టు అనిపించినా ఛార్జింగ్ అయ్యేదాకా ఆగకుండా అప్పటికప్పుడే తీసేయండి. రాకపోతే చెయ్యి పైకెత్తి పట్టుకుని, చల్లటి నీళ్ళలో కాసేపు ఉంచి, సబ్బు రాసి నెమ్మదిగా తిప్పుతూ లాగండి. అప్పటికీ రాకుండా వేలు నీలంగా మారుతుంటే ఇంట్లో కటింగ్ ప్లేయరుతో కోయడానికి చూడొద్దు, లోపలి బ్యాటరీకి తగిలితే మంట రావచ్చు. నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళి, "ఇది టైటానియం ఉంగరం, లోపల బ్యాటరీ ఉంది" అని ముందే చెప్పండి. మామూలు ఉంగరాలు కోసే పరికరంతో అది సులువుగా తెగదు కాబట్టి, ఆ ఒక్క మాటతో వాళ్ళు సరైన పనిముట్టు తెప్పించుకుంటారు.